ఇంకొక్కటి తిను బిడ్డా

భాద్రపదం వెళ్ళి ఆశ్వయుజం వస్తున్నదంటే మా ఓరుగల్లు చుట్టుపక్కల తంగేడు పూస్తుంది, గునుగు తల ఊపుతుంది, ఇళ్ళల్లో మూకుళ్ళు పొయ్యి ఎక్కుతాయి. పెత్రమాస నాడు ఎక్కిన మూకుడు కనుమ దాటితేగాని దిగదు. నడుమ దసరా, దీపావళి, కార్తీక పౌర్ణమి, సంక్రాంతి; వాటి సందుల్లో నాలుగైదు పెళ్ళిళ్ళు, అల్లుళ్ళ రాకలు, ఆడబిడ్డల పోకలు. లెక్క వేస్తే సుమారు నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో గృహస్థు నడుము చుట్టూ, గృహిణి నడుము చుట్టూ కూడా, చడీ చప్పుడూ లేకుండా కొంత కొత్త సరుకు చేరుతుంది. వేసవి వస్తే అదే కరిగిపోతుందని అందరికీ ఒక నమ్మకం. వేసవి వస్తుంది, మామిడిపళ్ళు వస్తాయి. చేరినది మాత్రం చేరినచోటనే ఉంటుంది.

పండుగలు దగ్గర పడగానే పత్రికలవారు సలహాలు చెబుతారు. తీపి తగ్గించమంటారు, నూనె వస్తువులు మానమంటారు, ఎవరైనా బలవంతం చేస్తే మృదువుగా వద్దనమంటారు. అన్నీ మంచి మాటలే. అయితే ఆ మాటలు రాసినవారు ఎప్పుడైనా పీటమీద కూర్చుని, ఎదురుగా డెబ్బై ఎనిమిదేళ్ళ తల్లి అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా "వద్దు" అనవలసి వచ్చిందా అని నాకు అనుమానం. డాక్టరు మాట కాదనవచ్చు, పై అధికారి మాట కాదనవచ్చు. "ఇంకొక్కటి తిను బిడ్డా" అన్న మాటను కాదనడానికి మన భాషలో మర్యాదైన మాట ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్ళుగా కళాశాలలో తెలుగు చెబుతున్నదాన్ని కనుక ఈ సంగతి కాస్త ధైర్యంగానే చెప్పగలను.

నేను వైద్యురాలిని కాను. కాని మా ఇంట్లో షుగరు ఉంది. మేము బాపు అని పిలిచే మా నాన్నగారు 2011లో పోయారు. ముప్ఫై ఏళ్ళు ఆ జబ్బుతో కాపురం చేశారు. మొదట చూపు మందగించింది, తరువాత మూత్రపిండాలు చెడ్డాయి. చివరి రెండేళ్ళూ వారానికి మూడుసార్లు డయాలసిసు. పండుగ నాడు కూడా ఆయన ఆ మంచం మీదనే పడుకుని, ఇంటికి వచ్చాక "ఏం చేసిన్రు?" అని అడిగేవారు. మా అమ్మ ఏదో ఒకటి దాచి ఉంచేది. తెచ్చి నోట్లో పెట్టేది. పండుగ పూట ఆయనకు ఏమీ పెట్టకపోవడం అంటే ఆమె దృష్టిలో ఆయనను అప్పుడే లేనివాడికింద కట్టడం.

నాన్నగారి తరువాత అమ్మ హనుమకొండలో మా అన్న దగ్గర ఉంటున్నది. నేను ఆ ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాను. చెల్లెలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. సద్దుల బతుకమ్మకు తప్పక వస్తుంది. 2024 దసరాకు అందరం అన్న ఇంట్లో కలిశాం. ఆ ఏడు సెప్టెంబరులో అన్నకు రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చింది. 6.5 దాటితే షుగరు ఉన్నట్టే లెక్క. అన్నకు యాభై రెండేళ్ళు, బరువు 82 కిలోలు. ఫలితం వచ్చిననాటి నుంచి మా వదినె కంటికి నిద్ర లేదు.

దసరా సాయంత్రం రావణవధ చూసి వచ్చి, జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని, పెద్దల కాళ్ళు మొక్కి కూర్చున్నాం. అమ్మ లోపలినుంచి పళ్ళెం తెచ్చింది: అరిసెలు, గరిజెలు, మురుకులు. అన్న ఒక అరిసె తిన్నాడు. "ఇంకొక్కటి తిను కొడుకా" అన్నది. తిన్నాడు. మూడోది చేతిలో పెట్టింది. వదినె ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి పోయింది. అప్పుడు మా చెల్లె ఉండబట్టలేక, "అమ్మా, బాపుకు గూడ గిట్లనే..." అన్నది. అని, అక్కడితో ఆగిపోయింది.

ఆ సగం మాట ఆ గదిలో చాలాసేపు ఉన్నది. ఎవరమూ ఎవరి ముఖమూ చూడలేదు. అమ్మ పళ్ళెం కింద పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, తన మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

పదకొండు గంటలకు నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి తనే అన్నది: "నాకు పెట్టుడు తప్ప ఇంకేం వస్తది బిడ్డా?"

బరువును గురించి, తిండిని గురించి నేను చదివినవి చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కడా ఈ ప్రశ్నకు జవాబు లేదు. నిజానికి పండుగ తిండి సమస్య అంతా ఇందులోనే ఉన్నది. మనం తింటున్నది బియ్యప్పిండినీ బెల్లాన్నీ మాత్రమే అయితే మానడం ఎంతసేపు? ఎదుటివారి ప్రేమను నోట్లో పెట్టుకుంటున్నాం. మానితే వారి చేయి వెనక్కి నెట్టినట్టు అవుతుంది.

ఏం చెప్పాలో తోచక, ఆ రాత్రి అమ్మను చిన్ననాటి పండుగల సంగతి అడిగాను. మొదట కోపంగానే ఉన్నా, చెప్పడం మొదలుపెట్టాక ఆమె గొంతు తేలికపడింది. పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో బతుకమ్మ తొమ్మిదిరోజులూ ఏ రోజు ఏమి చేసేవారో వరుసగా చెప్పుకుంటూ వచ్చింది. ఆ వరుస మనలో చాలామందికి తెలిసిందే. తిండి లెక్కన ఎప్పుడూ చూసి ఉండం.

మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులూ బియ్యప్పిండీ. రెండో రోజు అటుకులు. మూడో రోజు ముద్దపప్పు. నాలుగో రోజు నానబెట్టిన బియ్యంలో పాలూ బెల్లమూ. అయిదో రోజు అట్లు. ఏడో రోజు వేపకాయల ఆకారంలో చేసి వేయించిన పిండివంట. ఎనిమిదో రోజు నువ్వులూ వెన్నా బెల్లమూ కలిపిన ముద్దలు. తొమ్మిదో రోజు సద్దులు: పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, నువ్వుల అన్నం. ఆరో రోజును దాటేశానని మీరు గమనించే ఉంటారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు అమ్మవారు అలిగింది కనుక నైవేద్యం లేదు, ఆటా లేదు.

తొమ్మిది రోజుల్లో నూనె మూకుడు తప్పనిసరిగా పొయ్యి ఎక్కేది ఒక్క వేపకాయల నాడే. మిగిలినవి నానబెట్టినవి, ఉడికించినవి, దంచినవి, పెనం మీద కాల్చినవి. నడుమ ఒకనాడు అసలు విరామం. ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క వస్తువు. అన్నీ ఒక్కరోజున కావు. చెరువు కట్ట మీద, ఆట అయిపోయాక, దోసిట్లో పెట్టినంత ఎవరికి వారు తినడం. ఆ దోసిలి కూడా రెండు గంటలు వంగుతూ లేస్తూ, చప్పట్లు చరుస్తూ తిరిగాక పట్టిన దోసిలి. పండుగను ఏర్పాటు చేసిన పెద్దలు బరువు యంత్రాలు చూసినవారు కారు గాని, మితం అన్న మాట ఎత్తకుండానే మితాన్ని పండుగలో కుట్టేశారు.

"మరి అరిసెలు?" అని అడిగాను. అమ్మ నవ్వింది. "అప్పుడు డబ్బాలు ఎక్కడియి బిడ్డా? సంకురాత్రికి ఒక్కనాడు చేసుడు. వాడకట్టంత పంచుడు. మూడొద్దులకు ఐపోవు" అన్నది.

ఇందులో అసలు కీలకం ఉన్నదని నాకు అనిపించింది. డబ్బా! పండుగకు పూర్వం ఒక మొదలూ ఒక చివరా ఉండేవి. ఇప్పుడు మిఠాయి దుకాణాలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. సకినాలు సంక్రాంతికోసం ఆగడంలేదు. జూన్‌లో కూడా కిలోలెక్కన దొరుకుతాయి. దీపావళికి ఆఫీసులనుంచి వచ్చే మిఠాయి పెట్టెలు ఒక ఇంటినుంచి ఇంకొక ఇంటికి తిరిగి తిరిగి, చివరకు ఎవరింట్లో ఆగితే వారి నడుముకు చుట్టుకుంటాయి. పండుగ నాడు తిన్నది మనిషిని పెద్దగా ఏమీ చేయదు. పండుగ వెళ్ళిన పదిహేను రోజులదాకా, సాయంత్రం టీతో రెండు, టీవీ ముందు మూడు, పారేయడం ఇష్టంలేక గృహిణి తిన్నవి నాలుగు, ఇవీ చేసేవి.

ఇంకొక తేడా నడకది. మా వూరి పాతకాలపు భోజనం సంగతి చెప్పే పుస్తకం ఒకటుంది. క్రీడాభిరామం. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఒక బ్రాహ్మణుడూ ఒక కోమటీ, ఇద్దరు మిత్రులు, పొద్దస్తమానం తిరిగిన తిరుగుడే అందులోని కథ. మధ్యలో వారికి లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ళ ఇల్లు కనబడుతుంది. ఒక్క రూకకు అక్కడ దొరికే భోజనం వివరం చదివితే పరీక్ష రాస్తున్న విద్యార్థికి కూడా నోరూరుతుంది: సువాసన గల సన్నన్నం, గోధుమపిండి వంటలు, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డ పెరుగు. గుప్పెడు పంచదార! ఇవాళ ఏ డాక్టరైనా విని మూర్ఛపోతాడు. క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు, "అంత తింటే వాళ్ళకు షుగరు రాలేదా మేడం?" అని. ఆ మిత్రులు ఏమయ్యారో కవి చెప్పలేదు గాని, ఆనాడు ఆ వూళ్ళో వారు ఎంత నడిచారో మాత్రం కావ్యం పొడుగునా చెప్పాడు. మనం ఆ భోజనాన్ని ఉంచుకుని ఆ నడకను వదిలేశాం. రూక భోజనం ఇంటికే వస్తున్నది. తలుపు తీయడమే శ్రమ.

ఇక ఈ పండుగ బరువు ఎంతని అడుగుతారేమో. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళను వారి పండుగల కాలంలో తూచి, 2000 సంవత్సరంలో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఆ లెక్క ప్రచురించారు. నవంబరు నడిమినుంచి జనవరి దాకా వారికి సగటున పెరిగింది 370 గ్రాములే. ఇంతేనా అనిపిస్తుంది. తూచక ముందు వారిలో చాలామంది అంతకు నాలుగు రెట్లు పెరిగామనుకున్నారట. అయితే అసలు సంగతి తరువాత ఉంది: ఆ కొంచెమూ వసంతం వచ్చినా పోలేదు. పది పండుగలకు అది ఎంత అవుతుందో చెప్పడానికి లెక్కల మేష్టారు అవసరం లేదు.

అమెరికా లెక్క మనకెందుకు అంటారేమో, మా ఇంట్లోనే ఒక లెక్క ఉంది. మేడారం జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది. మొక్కుకున్నవారు తమ ఎత్తు బరువు బెల్లం తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మా అన్నకు ఒక ప్రమాదం తప్పిన సందర్భంలో నాలుగు జాతరలకు నిలువెత్తు బంగారం ఇస్తానని వదినె మొక్కుకున్నది. ఆమె ఇంటి ఖర్చుల పుస్తకం రాస్తుంది. ఆ పుస్తకంలో 2018 జాతరకు 74 కిలోలు, 2020కి 76, 2022కు 79, 2024కు 81. ఏ డాక్టరూ ఆరేళ్ళపాటు ఇంత శ్రద్ధగా ఒక మనిషి బరువు రాసి ఉంచడు. ఏటా కిలో, కిలోన్నర. ఏ ఏటికాయేడు చూస్తే ఎవరికీ కనబడలేదు. నాలుగు అంకెలూ ఒక కాగితం మీద వరుసగా రాసి అన్న ముందు పెడితే చాలాసేపు చూసి, "బెల్లం సేటుకు మాత్రం మంచిగనే ఉన్నది" అన్నాడు. నవ్వాడు గాని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ అంకెలు మా ఒక్క ఇంటివి కావు. దేశమంతా తిరిగి చేసిన పెద్ద సర్వే ఒకటి 2023లో వెలువడింది. దాని ప్రకారం మనదేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు. దాని గడప మీద నిలబడినవారు 13 కోట్ల 60 లక్షలు. మన శరీరతత్వం కూడా కొంత వేరు. చూడడానికి సన్నగా ఉన్నవాడికి కూడా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. అందుకని మనవాళ్ళకు నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదని వైద్యులు గీత గీశారు. ఈ మాట చదివి వినిపించి, కుట్టుమిషను టేపు తెచ్చి మావారి నడుము కొలవబోయాను. ఆయన గట్టిగా ఊపిరి లోపలికి పీల్చి "ఇప్పుడు కొలువు" అన్నారు. ఆ ఊపిరి వదిలేదాకా నేనూ టేపు వదలలేదు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయవద్దని ఆయన కోరిక.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నదిగదా, దాని చరిత్ర వింతైనది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే దొర బెరిబెరి జబ్బు పరిశోధనకోసం దాన్ని చిన్నగా మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బులకోసం పుట్టిన సంస్థ, ఇవాళ తిండి ఎక్కువై వచ్చే జబ్బులకూ జాగ్రత్తలు చెప్పవలసి వస్తున్నది. 2024లో ఆ సంస్థ ప్రకటించిన సూచనల్లో, రోజుకు రెండు వేల కెలోరీల మనిషికి పళ్ళెం ఎలా ఉండాలో గ్రాములతో సహా ఉన్నది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె నెయ్యి అన్నీ కలిపి 27. ఈ చివరి అంకె దగ్గర మా వదినె ఆగిపోయింది. 27 గ్రాములంటే రోజు మొత్తానికి అయిదారు చిన్న చెంచాలు. సకినం చూడడానికి సాధువులా ఉంటుంది గాని, మూకుట్లోనుంచి పైకి వచ్చేటప్పుడు నూనె మోసుకునే వస్తుంది. గ్రాము నూనెకు తొమ్మిది కెలోరీలు, గ్రాము పిండికి నాలుగు. చక్కెర అయితే రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలకు లోపల ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బెల్లం మంచిదని మనలో చాలామంది చెప్పుకుంటారు. షుగరు ఉన్నవాడి రక్తంలోకి వెళ్ళాక అది కూడా చక్కెరే.

సరే, ఇన్ని తెలిశాక ఏం చేశాం?

మొదట చెల్లె అమ్మకు ఫోను చేసింది. ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇద్దరూ ఏడ్చారని వదినె చెప్పింది. దీపావళికి నేను అమ్మ దగ్గర కూర్చుని ఒక మాట అడిగాను: "అమ్మా, ఇకనుంచి ఎవరికి ఎంత అనేది నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే వంతు. నువ్వు పెట్టిందే తింటం, అంతకు మించి ఎవరం ముట్టం." ఆమె నావైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో పదకొండు మంది పిల్లలకు ఒక బెల్లం ముద్ద పంచినప్పుడు, ఎవరి వంతు వారికి వచ్చేది. అడిగినా రెండోది వచ్చేది కాదు. ఆ పంచే చేయి ఎంత గౌరవమైనదో అమ్మకు తెలుసు. పెట్టడం మానమంటే ఆమె బ్రతుకులో సగం తీసేసినట్టు. పంచే పెద్దరికం ఇస్తే ఆమె చేతిలోనే కొలత పెట్టినట్టు.

ఆ సంక్రాంతికి డబ్బాలు కడిగి అటక ఎక్కించాం. వాడకట్టులోని అయిదిళ్ళ ఆడవాళ్ళం ఒకే చోట కూర్చుని, ఒక్కరోజు, ఒక్క మూకుడు పెట్టి, అయిదిళ్ళకూ కలిపి ఆరు కిలోల బియ్యంతో సకినాలు చేశాం. అంతకు ముందు ఏడు ఒక్క అన్న ఇంట్లోనే అయిదు కిలోలు పోశారు. తడిగుడ్డమీద పిండి చుట్టడం కొత్త కోడళ్ళకు అమ్మ నేర్పింది. రెండు చుట్లు వంకర లేకుండా తిరిగేసరికి వారికి చెమటలు పట్టాయి. దుకాణంలో కిలో కొంటే తెలియని సంగతి ఇది: చేత్తో చేసినప్పుడు ఒక్కొక్క సకినానికి ఎంత శ్రమ పట్టిందో చేతులకు తెలుస్తుంది, అందువల్ల నోరు కూడా కాస్త మర్యాదగా ఉంటుంది. మిగిలిన నూనెను మళ్ళీ కూరలకు వాడకుండా పారబోశాం. చేసినవి ఆ సాయంత్రమే పంచేశాం. ఇంట్లో మిగిలినవి కనుమనాటికి అయిపోయాయి.

అన్న వంతు పండుగ మూడురోజులూ రోజుకు రెండు సకినాలు, మొదటినాడు మాత్రం సగం అరిసె. ఈ సగాన్ని అమ్మ స్వయంగా విరిచి ఇచ్చింది. తక్కిన సగం తను తిన్నది.

అయితే "ఇంకొక్కటి" అనకుండా అమ్మ ఉండగలదా? ఉండలేదు. దానికి ఉపాయం కూడా ఆమే కనిపెట్టింది. పొద్దున్నే బొబ్బెర గుడాలు ఉడికించి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి, పెద్ద గిన్నెతో అన్న ముందు పెట్టింది. "ఇవి ఎన్నన్న తినుమన్నడట గదా డాక్టరు" అన్నది. డాక్టరు ఎన్నైనా అనలేదు, పప్పుగింజలు మంచివన్నాడు; ఆ తేడాను ఎవరమూ సరిదిద్దలేదు. "ఇంకో గంటెడు వేసుకో కొడుకా" అని ఆమె అంటే అన్న వేసుకున్నాడు. గుడాలతో కడుపు సగం నిండినవాడికి అరిసె సగమే సరిపోయింది. కూరలూ పప్పూ ముందు తిని, అన్నమూ తీపీ తరువాత తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగరదని వైద్యులు చెప్పే మాట, మా ఇంట్లో గుడాల గిన్నె రూపంలో ప్రవేశించింది.

తిన్న తరువాత ఇంటిల్లిపాదీ భద్రకాళి చెరువు కట్టమీదికి నడవడం ఇంకొక ఏర్పాటు. పండుగ పూట భోజనం కాగానే పరుపు వాల్చడం మన ఆచారం; దానికి బదులు అరగంట నడక. మొదటిరోజు మావారు గొణిగారు. రెండోరోజు తనే చెప్పులు వేసుకుని గడపలో నిలబడ్డారు. పిల్లలకు కట్టమీద గాలిపటాలు దొరికాయి, వదినెకు అన్నతో మాట్లాడుకోవడానికి అరగంట దొరికింది.

ఉపవాసాల సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. పండుగల్లో తిన్నదానికి కార్తీకంలో ఉపవాసాలుండి చెల్లు వేద్దామని కొందరు అనుకుంటారు. పగలంతా కడుపు మాడ్చి, చుక్క కనబడగానే సగ్గుబియ్యం పాయసంతో మొదలుపెడితే చెల్లు కాదు సరికదా, అప్పు పెరుగుతుంది. షుగరుకు మాత్రలు వేసుకునేవారూ, ఇన్సులిన్ తీసుకునేవారూ డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండనే కూడదు. చక్కెర పెరగడం కన్న, ఒక్కసారిగా పడిపోవడం తొందరగా ప్రాణంమీదికి తెస్తుంది. అన్న ఆ కార్తీక సోమవారాలు గుడికి వెళ్ళాడు, దీపం పెట్టాడు, వేళకు రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. దేవుడు ఏమీ అనుకున్నట్టు కనబడలేదు.

2025 ఉగాదికి మళ్ళీ పరీక్ష చేయించారు. 8.2 కాస్తా 7.3కు దిగింది, బరువు 82నుంచి 79. మాత్రలు మానలేదు, మానకూడదు కూడా. డాక్టరు కాగితం చూసి, దారి బాగానే ఉంది, ఇంకా దూరం ఉంది అన్నాడట. ఈ మూడు కిలోలూ తగ్గింది పండుగలు మానడం వల్ల కాదని నేను గట్టిగా చెప్పగలను. ఆ ఏడు ఒక్క పండుగా మానలేదు. పండుగలు కాని రోజులను పండుగలనుంచి విడిపించాం, అంతే.

మీ ఇంట్లోనూ అరిసెల పళ్ళెం పట్టుకుని నిలబడే అమ్మో, అత్తగారో, అమ్మమ్మో ఉండే ఉంటారు. వారికి కెలోరీల పట్టిక చూపించకండి. వారు చిన్నబుచ్చుకుంటారు, మీరు ఆకలితో లేస్తారు, ఆ తరువాత రహస్యంగా డబ్బా మూత తీస్తారు. వారి చిన్నప్పుడు ఏ రోజుకు ఏమి వండేవారో, ఎవరికి ఎంత పంచేవారో అడగండి. కొలత వారి దగ్గరే ఉన్నది. మనం కొనుక్కున్న డబ్బాలే దాన్ని మరిపించాయి. ఆ కొలత వారి చేతులమీదుగానే మన పళ్ళెంలోకి తిరిగి రావాలి.

ఈ మధ్య ఒకనాడు అన్న ఇంటికి వెళ్ళాను. వారం రోజు, పండుగ కాదు. ఎవరో మిఠాయి పెట్టె తెచ్చి ఇచ్చి వెళ్ళారు. మూత తీయబోయిన మనవడి చేతిని అమ్మ పట్టుకుని, "ఇయ్యాల ఏం పండుగరా?" అని అడిగింది. వాడు ఆలోచించి, "ఏం లేదు నానమ్మా" అన్నాడు. "మరి ఇయ్యాల అలిగిన బతుకమ్మ" అన్నది. పెట్టె తీసుకుని, పక్కింటి పిల్లలకు ఒక్కొక్కటి చొప్పున పంచిపెట్టడానికి వీధిలోకి వెళ్ళింది. ఆమె వెంట వాడు కూడా వెళ్ళాడు. పంచేవాళ్ళకు కూడా ఒక వంతు ఉంటుందని వాడికి అప్పటికే తెలుసు.